గీత దాటిన నూనె

మా షెడ్డులోకి అడుగుపెట్టిన ప్రతివాడూ ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఇంతకీ ఇది హెలికాప్టరా, విమానమా?" మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. పోను పోను ఒళ్ళు మండేది. రెండూనయ్యా బాబూ, రెండూను. లేచేటప్పుడు హెలికాప్టరు, పోయేటప్పుడు విమానం. రెక్కల చివర చెరో ఇంజను, ఇంజనుకో పెద్ద పంకా. పంకాలు ఆకాశం వైపు చూస్తుంటే ఉన్నచోటు నుంచే నిట్టనిలువుగా లేస్తుంది. లేచాక ఇంజన్లతో సహా పంకాలను మెల్లగా ముందుకు వంచితే విమానంలా దూసుకుపోతుంది. లోపల మనిషి ఉండడు, కింద నిలబడి మేమే నడుపుతాం. చెప్పడానికి నాలుగు ముక్కలే. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమంటే ఏమిటో కట్టడానికి దిగినవాడికే తెలుస్తుంది.

మాది విశాఖపట్నం ఆటోనగర్‌లో రేకుల షెడ్డు. పొద్దున్న తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి నల్లటి పొడి పేరుకునేది. అది పోర్టు బొగ్గో, స్టీల్‌ప్లాంటు మసో అని మాలో మేం పందాలు వేసుకునేవాళ్ళం. నేను పద్మనాభం నుంచి రెండు బస్సులు మారి వచ్చేదాన్ని. మా నాన్న వరి రైతు. "ఇమానాలు కట్టీదానివి, బస్సులో నిలబడి ఎల్తన్నావేటే?" అని రోజూ దెప్పేవాడు. పని నచ్చింది కాబట్టి నిలబడ్డాను. లేకపోతే ఆ దుమ్ములో, ఆ ఎండలో ఎవరుంటారు?

ఆ విమానం ఎందుకంటే, సముద్రంలో దూరంగా వేటలో ఉన్న బోటులో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే మందులసంచీ తీసుకెళ్ళి దింపడానికి. బోటు పైన విమానం ఆగలేదు, హెలికాప్టరుకేమో అంత దూరం పోయి రావడానికి చమురు చాలదు. అందుకని రెండూ కలిపిన జంతువు. ఇది కుదిరితే, తర్వాత పెద్దది కట్టి మనిషినే ఒడ్డుకు తేవాలని మా సారు కల. సారంటే మా యజమాని. మంచివాడే, కానీ డబ్బు పెట్టేవాళ్ళు ఎదురుగా ఉంటే వెన్నెముక కొంచెం మెత్తబడేది.

ఆ షెడ్డులోకే బాబాయ్ వచ్చాడు. నాకేమీ చుట్టం కాదు. సముద్రం మీద బతికే కుటుంబం వాళ్ళది. పడుచు వయసు నుంచీ మరబోట్ల మీద డ్రైవరు, అంటే ఇంజను చూసుకునే మనిషి. ఒకరోజు జెట్టీ మీద గుండె పట్టుకుని కూలబడిపోయాడట. ఒడ్డున ఉండబట్టి బతికాడు. గుండెకు స్టెంట్లు వేసిన డాక్టరు ఒకటే చెప్పాడు: మళ్ళీ నొప్పి వస్తే గంటలో ఆసుపత్రిలో ఉండాలి, అలా చేరలేని చోటికి నువ్వు వెళ్ళకూడదు. సముద్రం మీద బతికినవాడికి ఆ మాట ఎలా ఉంటుంది? హార్బరులో ఇంజన్లు బాగుచేసే పనికి బరువులెత్తాలి, అదీ కుదరదు. ఇంజన్లు కడగడానికీ నూనె మార్చడానికీ మాకో చెయ్యి తిరిగిన మనిషి కావాలంటే ఎవరో పంపించారు.

వచ్చిన కొత్తలోనే వాళ్ళావిడ షెడ్డు చూడ్డానికి వచ్చింది. పూర్ణా మార్కెట్‌లో ఎండుచేపలు అమ్ముతుంది. నాకోసం నెత్తళ్ళ పొడి తెచ్చింది. నా చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళింది.

"సూడమ్మా, ఈ పని ఉన్నన్నాళ్ళూ ఆయన ఒడ్డు మీదుంటాడు. ఈ పని పోనాదంటే మల్లీ బోటెక్కీత్తాడు. నాను ఆపలేను. నువ్వే సూసుకో."

"ఎందుకు పోతాది పిన్నీ? నానున్నాను కదా," అన్నాను. పెద్ద మాటే అనేశాను.

బాబాయ్ పని బాగా చేసేవాడు. సముద్రపు గాలి పీల్చిన ఇంజన్లలో ఉప్పు పేరుకుంటే లోపలి చక్రాల రెక్కలు తినేస్తుంది. ప్రతి పరీక్ష తర్వాతా మంచినీళ్ళతో కడగాలి. బోటు ఇంజన్లను కడిగినంత భక్తిగా కడిగేవాడు. నన్ను "గుంటా" అని, అంటే పిల్లా అని, పిలిచేవాడు. తినకుండా పని చేస్తుంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"ఏటి గుంటా, టిఫినుబాక్సు అలగే ఉంచీసినావు? ఇమానానికి నూనె, నీకు గాలా?"

"వస్తున్నాను బాబాయ్, ఈ ఒక్క లెక్క."

"నీ లెక్కలు ఎక్కడికీ పోవు. అన్నం సల్లారిపోతాది."

లెక్కలు నిజంగానే ఎక్కడికీ పోలేదు, నెలల తరబడి అక్కడే కూర్చున్నాయి. పంకా సంగతే చూడండి. గాలిలో నిలబడాలంటే పొడుగాటి పంకా కావాలి, వేగంగా పోవాలంటే పొట్టిది కావాలి. మాది ఇటు చాలని, అటు ఎక్కువైన మధ్యరకం. పైగా లేచేటప్పుడు పంకా కిందికి తోసే గాలి సగం మా రెక్క మీదే పడుతుంది. మనం ఎత్తుతున్నదాన్ని మనమే తొక్కుతున్నామన్నమాట. ఇంకా ఉంది. ఒక ఇంజను ఆగిపోతే అటువైపు పంకా ఆగకూడదు. ఆగిందా, విమానం పల్టీ కొట్టి బోర్లా పడుతుంది. అందుకని ఈ చివరి నుంచి ఆ చివరికి రెక్క లోపలినుంచి ఒక పొడుగాటి ఇరుసు వేశాం. కాడి కింద ఒక ఎద్దు కూలితే రెండో ఎద్దే బండి లాగాలి, అంతే. కానీ రెక్క గాలికి వంగుతుంది. దాంతోపాటు తిరుగుతున్న ఇరుసూ వంగాలి, విరక్కూడదు. రెక్కను మెత్తగా చేస్తే దాని చివర ఇంజను, బొంగరం పడిపోయే ముందు తల తిప్పినట్టు, తల తిప్పుతుంది. ఒకసారి పరీక్ష స్టాండు మీద అలా తిప్పి తిప్పి రెక్కనే మొదలంటా చీల్చేసింది. గట్టిగా చేద్దామంటే బరువెక్కి మందులసంచీ కూడా మొయ్యదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆరోజు చీలిన రెక్క పక్కన కూర్చుని నేను ఏడ్చాను. సిగ్గేం లేదు, ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అన్నిటికంటే నా ప్రాణం తీసింది ఇంజను నూనె. ఇంజను అనేది ఒకే తీరున ఉండి బతకడానికి పుట్టిన వస్తువు. మేం దాన్ని నిలబెడతాం, పడుకోబెడతాం, మళ్ళీ నిలబెడతాం. పడుకున్నప్పుడు నూనె ఒకచోట చేరుతుంది, నిలబడ్డప్పుడు ఇంకోచోటికి జారుతుంది. ఎటు జారినా పంపు దాన్ని పీల్చి బేరింగులకు అందించాలి. అందుకోసం నూనె డబ్బాలో కావాలనే చాలా చోటు ఖాళీగా వదిలాను. ఇంజను నిలబడినప్పుడు అన్ని మూలల నుంచీ వెనక్కి వచ్చే నూనె, దానితో వచ్చే నురగ ఆ చోటులోనే సర్దుకోవాలి. డబ్బా పైన గాలి పోవడానికి చిన్న గొట్టం. డబ్బాకు గాజు కిటికీ, దాని మీద ఎర్ర గీత. నూనె ఆ గీత దాకానే పొయ్యాలి.

బాబాయ్‌కు ఆ గీత మొదటిరోజే నచ్చలేదు.

"ఇదేటి, సగం డబ్బా ఖాలీగా ఉంచీసినావు?"

"ఖాళీ కాదు బాబాయ్. ఇంజిను లేచినప్పుడు నూనె సర్దుకోడానికి చోటు."

"మా బోట్ల మీద గీత దాకా పోసినోడు మల్లీ ఒడ్డుకి రాడు తెల్సా?"

ఆయన చెప్పింది నిజమే. బోటులో ఇంజను వాలుగా బిగించి ఉంటుంది. పైగా అలలకు బోటు ఊగుతుంది. ఊగినప్పుడల్లా నూనె ఓ మూలకు పోతే పంపు గాలి పీల్చి, నడిసముద్రంలో ఇంజను పట్టేస్తుంది. అందుకని విశాఖపట్నం హార్బరులో ప్రతి డ్రైవరూ వేటకు బయల్దేరే ముందు గీత మీద ఇంకో వేలు మందం నూనె పోస్తాడు. ఒడ్డున ఇంజను తిప్పి చూసేటప్పుడు పొయ్యడు. సముద్రానికి పోయేటప్పుడే పోస్తాడు. "గీత ఒడ్డు మీదోడికి, ఏలు సముద్రం మీదోడికి" అని వాళ్ళ మాట.

"ఇది బోటు కాదు బాబాయ్!" అని గయ్యిమన్నాను. "ఇందులో ఎక్కువైతే ఆ గొట్టంలోంచి కక్కీత్తాది. కిందేటుంది? ఎర్రగా కాలిపోయే పొగగొట్టం. మంటలే!"

"సర్లే గుంటా, అలగ అరవకు. నీ గీతే గీత."

మాట మీద నిలబడ్డాడు కూడా. షెడ్డులో స్టాండు మీద తిప్పినన్నిసార్లూ, మైదానంలో ఎగరేసినన్నిసార్లూ నూనె ఎర్ర గీత మీదే ఉంది. నేను రోజూ చూసేదాన్ని. చూసి చూసి, ఇక చూడక్కర్లేదనుకునేంతగా ఉంది.

చివరికి సముద్రం మీద ఎగరేసి చూపించే రోజు వచ్చింది. భీమిలి దాటాక, ఒడ్డునే వదిలేసిన రొయ్యల చెరువుల స్థలం ఒకటి సారు మాట్లాడి పెట్టాడు. అనుమతులన్నీ వచ్చాయి. కొంత దూరంలో ఒక బోటు లంగరు వేసి ఉంది. మాది ఇక్కడినుంచి లేచి, విమానంలా పోయి, బోటు పైన నిలబడి, తాడుతో సంచీ దింపి వెనక్కి రావాలి. డబ్బు పెట్టేవాళ్ళు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. ఇది బాగా జరిగితే పెద్ద విమానం పని మొదలవుతుంది, లేకపోతే షెడ్డులో ఎవరుంటారో ఎవరు పోతారో తెలీదు. ఆ సంగతి అందరికీ తెలుసు. బాబాయ్‌కి ఇంకా బాగా తెలుసు.

పిన్ని పూర్ణా మార్కెట్ నుంచి కొబ్బరికాయలూ బంతిపూలూ నిమ్మకాయలూ పంపించింది. కొత్త బోటు మొదటిసారి నీళ్ళలోకి దిగేటప్పుడు గంగమ్మకు ఎలా చేస్తారో అలాగే చేశాడు బాబాయ్. విమానం ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. షామియానా కింద ఒకాయన నవ్వాడు. నాకు కోపమొచ్చింది కానీ ఊరుకున్నాను. నేను కంప్యూటరు ముందు కూర్చుని ఇంకా ఏవో అంకెలు సరిచూస్తున్నాను. బాబాయ్ ఇంజన్ల మూతలు తెరిచి, ఏదో చూసి, మూసి, రెండు చేతులూ జోడించి పక్కకు వచ్చేశాడు.

లేచింది. అబ్బ, ఎంత బాగా లేచిందో! ఇసక ఎగజిమ్ముకుంటూ, అడ్డంగా ఊగకుండా, ఎవరో పైనుంచి దారం పట్టి లాగినట్టు లేచింది. తాటిచెట్టంత ఎత్తున నిలబడింది. ఇంజన్లను ముందుకు వంచమని మీట మీద చెయ్యి వేశాను.

అప్పుడు కుడి ఇంజను దగ్గర తెల్లగా పొగ. వెంటనే నల్లగా. వెంటనే మంట.

కుడి ఇంజను ఆపేశాను. ఇరుసు తన పని తాను చేసింది. ఎడమ ఇంజనే రెండు పంకాలూ తిప్పింది. ఇన్నాళ్ళూ మేం భయపడిన ఆ ఇరుసు, రెక్క వంగుతున్నా విరక్కుండా, అక్షరాలా నేను గీసినట్టే పనిచేసింది. దించెయ్యొచ్చు అనుకున్నాను. దింపుతున్నాను కూడా. మంట ఈలోగా రెక్క చివరను తినేసింది. కుడివైపు పంకా ఇంజనుతో సహా ఊడి పడింది. మిగిలింది దాని మీదికే తిరగబడి ఇసకలో కూలింది.

అందరూ వెనక్కి పరిగెత్తారు. బాబాయ్ ఒక్కడే ముందుకు పరిగెత్తాడు, ఇసక బకెట్టుతో. నాకు విమానం గుర్తు లేదు, మంట గుర్తు లేదు. ఆయన గుండె ఒక్కటే గుర్తొచ్చింది. "పరిగెత్తకు బాబాయ్! నీకు పుణ్యముంటాది, పరిగెత్తకు!" అని గొంతు చించుకున్నాను. మంట ఆర్పి, అక్కడే ఇసకలో కూలబడి ఆయాసపడుతున్నాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. దేవుడి దయ, గుండె తట్టుకుంది.

సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వెనక నూనె కారకుండా ఆపే సీలు పోయి ఉంటుంది. సీలు మార్చి కొత్తది కట్టాలి," అంటున్నాడు వచ్చినవాళ్ళతో. నేను కూలిన దాని దగ్గరకు వెళ్ళాను. ఎడమ ఇంజను పెద్దగా కాలలేదు. దాని గాలిగొట్టం కూడా నూనె కక్కింది, కానీ అది గాలికి ఇసకలో పడింది. కుడి ఇంజను కక్కిన నూనెను అదే గాలి పొగగొట్టం మీదికి తోసింది. అప్పటికే నాకు సగం అర్థమైంది. కొన్నది ఎంతో మిగిలింది ఎంతో పోల్చుకోడానికి నూనె క్యాన్లు ఎత్తి చూశాను. పొయ్యాల్సినదానికంటే ఎక్కువ ఖాళీ అయింది. ఎంత ఎక్కువ? సరిగ్గా డబ్బాలో ఓ వేలు మందం.

క్యాను పట్టుకుని అలా నిలబడిపోయాను. మిగిలిన నూనె ఇసకలో వంచేస్తే ఎంత పోశారో ఎవరికీ తెలీదు. సీలే పోయింది అంటే సారుకూ సుఖం, అందరికీ సుఖం. నిజం చెప్తున్నాను, మూత తిప్పాను కూడా.

"పారబొయ్యకు గుంటా."

వెనక బాబాయ్. కాలిన చేతికి ఎవరిదో రుమాలు చుట్టుకుని ఉన్నాడు.

"ఎందుకు పోసినావు?" అన్నాను. "ఇన్నాల్లూ నా మాట ఇన్నావు కదా. ఈరోజే ఎందుకు?"

"ఈరోజు అది సముద్రానికి ఎల్తంది కదే," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "సముద్రానికి పోయేదానికి ఏలు మందం పొయ్యకుండా ఎలగ పంపుతాను? నా సెయ్యి ఆగనేదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ద్వేషంతో చేస్తే తిట్టొచ్చు, నిర్లక్ష్యంతో చేస్తే తిట్టొచ్చు. మా విమానం మధ్యలో ఆగిపోకూడదని ప్రేమగా పోశాడు, దాన్ని ఏం చెయ్యను?

"నోరు మూసుకో బాబాయ్. నువ్వేటీ సెప్పకు. సీలు పోనాదనే అనుకోనీ."

"అలగైతే ఆల్లు సీలు మార్చి మల్లీ కడతారు. రేపు పెద్దది కడతారు, అందులో రోగం మనిషిని పడుకోబెడతారు. నాలాంటోడే ఇంకోడు నూనె పోత్తాడు. అప్పుడు?"

నా జవాబు కోసం ఆగలేదు. షామియానా కిందికి నడిచి వెళ్ళి, అందరి ముందూ చెప్పేశాడు. "నానే పోసినాను బాబూ, గీత దాటి పోసినాను. సీలు తప్పు కాదు, ఆ గుంట తప్పూ కాదు." ఇందాక పసుపు చూసి నవ్విన పెద్దమనిషి ఈసారి నవ్వలేదు. "ఇలాంటివాళ్ళ చేతుల్లో పెట్టారా దీన్ని?" అన్నాడు సారుతో.

మర్నాడు బాబాయ్‌ని రావద్దన్నారు. నేను సారు గదిలోకి వెళ్ళి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవడూ గీత దాటి పొయ్యలేని డబ్బా కట్టొచ్చు సార్, గీత దగ్గర, పోసే మూత తీస్తేనే తెరుచుకునే చిన్న చిల్లు పెడితే ఎక్కువైనది పోసేటప్పుడే కారిపోతుంది, మనిషి చేతిని నమ్ముకున్న డబ్బాది తప్పు, మనిషిది కాదు అన్నాను. ఆయన తల దించుకుని విన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే. కానీ ఎవరో ఒకరు పోతేనే వాళ్ళు మళ్ళీ డబ్బు పెడతామంటున్నారు. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. నేనూ మానేస్తానన్నాను. ఆ మాట బాబాయ్‌కి ఫోన్లో చెబితే నన్ను బూతులు తిట్టాడు. "ఆ సిల్లు ఎవులు పెడతారే మరి? నీ నాన్నా?" అని.

చిల్లు నేనే పెట్టాను. పెన్సిలు మొన దూరేంత చిల్లు. ఆ డబ్బాను బిగించినరోజు దాన్ని పట్టుకుని చాలాసేపు తిట్టుకున్నాను.

బాబాయ్ కొన్నాళ్ళు పని కోసం తిరిగాడు. గుండె జబ్బు అనగానే ఎవరూ పెట్టుకోలేదు. తర్వాత ఒక బోటుకు డ్రైవరుగా కుదిరాడని తెలిసి, హార్బరు పక్కన వాళ్ళింటికి పరిగెత్తాను. పిన్ని గుమ్మంలో చేపలు ఆరబెడుతోంది. నాతో మాట్లాడలేదు.

"డాక్టరు ఏటన్నాడు బాబాయ్? గంటలో ఆసుపత్రికి సేరగలవా అక్కడినుంచి?"

"డ్రైవరు పనంటే కూకోడమే కదే. మోసీదేటుంది, ఎత్తీదేటుంది? ఒడ్డు మీద ఊరికే కూకుంటే ఇంకా బేగి పోతాను." నవ్వాడు. "ఇమానం ఎంతవరకొచ్చింది?"

చెప్పాను. కొత్త డబ్బా బాగుంది, రెక్కలు మళ్ళీ అతకాలి, ఇంజన్లు విప్పి ఉన్నాయి. శ్రద్ధగా విన్నాడు. నేను వస్తుంటే పిన్ని ఒక్క మాట అంది: "నువ్వున్నావనుకున్నానమ్మా." ఆ మాట నా మనసులోంచి ఈరోజుకీ పోలేదు.

వర్షాలు వెలిసిన రోజులు. పొద్దున్నే షెడ్డులో ఇంజను ముక్కలు బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. గేటు దగ్గర ఆటో ఆగింది. పిన్ని. మార్కెట్టులో గంప అక్కడే వదిలేసి వచ్చినట్టుంది, చేతులకు ఉప్పు అలాగే ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది.

"బోటు నుంచి వైర్‌లెస్‌లో కబురొచ్చిందమ్మా. ఆయనకి గుండెల్లో నొప్పంట. సెమటలు పట్టీసినాయంట. ఎనక్కి తిప్పినారంట గానీ రేపటికి గానీ ఒడ్డుకి రాలేరంట." నా రెండు భుజాలూ పట్టుకుంది. "బేగి పంపించమ్మా. నీ ఇమానాన్ని పంపించు."

నేను బల్ల మీది ముక్కల వైపు చూశాను.

"ఎల్లేటప్పుడు నాకు సెప్పినాడు. నాకేటైనా అయితే ఆ గుంట ఇమానం వచ్చీత్తాది, నువ్వు భయపడకు అన్నాడు. పంపించమ్మా. నీ కాల్లు పట్టుకుంతాను."

ఆమెను ఓదార్చడానికి చెప్పిన అబద్ధం అది. ఆయనకు తెలుసు, ఇంజన్లు విప్పి ఉన్నాయని నేనే చెప్పాను. ఆమెకు తెలీదు. విమానం కట్టేశారనే అనుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. రెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. పంకాలు గోతాల మీద పడుకుని ఉన్నాయి. బల్ల మీద ఇంజన్లు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటీ చూసింది.

"ఎగరదు పిన్నీ," అన్నాను.

ఆమె అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కింద చతికిలబడి, బల్ల కాలు పట్టుకుని కూర్చుంది. సారు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. బోటు చాలా దూరంలో ఉంది. ఒడ్డు నుంచి ఒక పడవ ఎదురు వెళ్ళింది, కానీ అది బోటును కలిసేసరికే ఆయన పోయాడు.

బోటు మర్నాడు పొద్దెక్కాక వచ్చింది. చేపలకోసం తీసుకెళ్ళిన మంచులోనే ఆయన్ను పెట్టి తెచ్చారు. బాబాయ్ అల్లుడు, ఇంకో నలుగురు కలిసి జెట్టీ మీదికి ఎత్తారు. గడ్డం మీద మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయి. నేను దూరంగా నిలబడ్డాను. దగ్గరకు వెళ్ళే ముఖం లేదు నాకు.

పిన్నే జనాన్ని తోసుకుని నా దగ్గరకు వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, శవాన్ని మోస్తున్న అల్లుడి వైపు చూపించింది.

"ఆడూ ఏటకే ఎల్తాడమ్మా," అంది. "నీ ఇమానం ఎప్పటికవుతాది?"